మే నెల ఎండలో అరకు ఘాట్: ఏడేళ్ల పెట్రోల్ కారు, ఎత్తు మీద ఆగితే భయం

లావణ్య_ఎంవీపీ:
అందరికీ నమస్కారం. మే రెండో వారంలో విశాఖ నుంచి పిల్లలతో అరకు వెళ్లాలని ఉంది. కారు ఏడేళ్ల నాటి పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, మాన్యువల్ గేరు. లైసెన్సు వచ్చి ఏడాది కావస్తోంది. ఊళ్లో నడుపుతాను గానీ ఎత్తు మీద బండి ఆగితే చేతులు చల్లబడిపోతాయి, వెనకాల బస్సు ఉంటే మరీనూ. రెండు విషయాలు చెప్పండి. ఈ ఎండకు ఇంజిన్ వేడెక్కకుండా ముందుగా ఏమేం చూపించుకోవాలి? ఆ భయానికి ఏం చెయ్యాలి? ధైర్యంగా ఉండమని అందరూ అంటున్నారు, ఎలా ఉండాలో మాత్రం ఎవరూ చెప్పడం లేదు.

గాజువాక_స్పానర్:
లావణ్య గారూ, ముందు ఇంజిన్ సంగతి చెబుతాను. ఘాట్‌లో బండి వేడెక్కడానికి ఎండ ఒక్కటే కారణం కాదు. ఎస్.కోట దాటి ఎక్కడం మొదలయ్యాక బండి ముప్పై, నలభై వేగంలో పోతుంది. ఇంజిన్ మీద లోడు నిండా ఉంటుంది, రేడియేటర్‌కి ఎదురుగాలి మాత్రం అంతగా తగలదు. చల్లబరిచే పనంతా ఫ్యాన్ మీద, కూలెంట్ (ఇంజిన్ వేడిని రేడియేటర్‌కి మోసుకెళ్లే ద్రవం) మీద పడుతుంది. వీటిలో లోపం ఉంటే ఆనందపురం హైవే మీద వంద కిలోమీటర్లు తిరిగినా బయటపడదు, ఘాట్‌లో పది కిలోమీటర్లకే బయటపడుతుంది.

పొద్దున్నే ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు బానెట్ ఎత్తండి. రిజర్వ్ ట్యాంకులో కూలెంట్ కింది గీతకీ పై గీతకీ మధ్య ఉండాలి. అక్కడితో ఆగిపోకండి. మీ బండికి రేడియేటర్ మీద విడిగా మూత ఉంటే, చల్లగా ఉన్నప్పుడు మాత్రమే, తీసి లోపల అంచు దాకా నిండుగా ఉందో లేదో చూడండి. రిజర్వ్ ట్యాంకు నిండుగా ఉండి రేడియేటర్ ఖాళీగా ఉండే బళ్లు చాలా వస్తాయి. మూత చెడిపోయి కూలెంట్‌ని వెనక్కి లాగలేకపోవడం దానికి మామూలు కారణం. మూత మీద 0.9 అనో 1.1 అనో అంకె ఉంటుంది, అది ఎంత ఒత్తిడి దాకా పట్టి ఉంచుతుందో చెప్పే అంకె. సగం కూలెంట్, సగం డిస్టిల్డ్ వాటర్ కలిపిన మిశ్రమం మామూలుగా 107 డిగ్రీల దగ్గర మరుగుతుంది. మూత బిగుతుగా ఉంటేనే అది 120 దాటే దాకా మరగకుండా ఉంటుంది. మూత రబ్బరు ఎండి పగిలితే ఆ తేడా అంతా పోయినట్టే. తక్కువ ఖరీదు వస్తువు, ఏడేళ్లయింది కాబట్టి అదే అంకె ఉన్న కొత్త మూత వేయించేయండి.

తర్వాత గొట్టాలు. పైదీ కిందదీ చేత్తో నొక్కి చూడండి. ఉబ్బి మెత్తబడినా, గట్టిపడి చిటపటమన్నా మార్చాలి. క్లిప్పుల దగ్గర తెల్లగానో పచ్చగానో పొడి కట్టి ఉంటే అక్కడ సన్నగా కారుతోందని అర్థం. వాటర్ పంపుకి కింద చిన్న రంధ్రం ఉంటుంది, దాని చుట్టూ మరక ఉంటే పంపు సీలు వెళ్లిపోతోంది. అలాంటి పంపుతో ఘాట్ ఎక్కకండి.

ఇక ఫ్యాను. ఇంజిన్ స్టార్ట్ చేసి ఏసీ వెయ్యండి, ఒకటి రెండు నిమిషాల లోపే ఫ్యాను తిరగాలి. తర్వాత ఏసీ ఆపి, బండిని అలాగే ఐడిల్‌లో వదిలేసి చూడండి. ఇంజిన్ వేడెక్కాక ఫ్యాను తనంతట తాను తిరిగి, కాసేపటికి ఆగాలి. ఏసీతో తిరిగి, ఏసీ లేకుండా తిరగకపోతే వేడి కొలిచే సెన్సర్‌ని అనుమానించాలి. రెండు సందర్భాల్లోనూ తిరగకపోతే ఫ్యూజు, రిలే (ఫ్యానుకి కరెంటు ఇచ్చే స్విచ్చు), మోటారు, ఈ వరసలో చూడాలి. రిలే అనుమానం తీర్చుకోవడం తేలిక: ఫ్యూజ్ బాక్సులో అదే నంబరున్న రిలే హారన్‌కో మరోదానికో ఉంటుంది, బండి ఆపి రెండూ అటూ ఇటూ మార్చి చూస్తే తెలిసిపోతుంది.

కూలెంట్ ఎప్పుడు మార్చారో గుర్తు లేకపోతే ఈసారి మార్పించండి. చిన్న కార్లకు మొత్తం నాలుగైదు లీటర్లు పడుతుంది. రంగు చూసి కలపకండి, ఒకే రంగులో వేరువేరు రసాయనాలు ఉంటాయి. మాన్యువల్‌లో రాసిన రకమే పొయ్యాలి.

ఉప్పుగాలి:
స్పానర్ గారు చెప్పినదానికి మన ఊరి సంగతులు కొన్ని కలపాలి. ఎంవీపీ కాలనీ అంటే సముద్రానికి దగ్గరే. కారు ముందు గ్రిల్ లోంచి టార్చి వేసి చూడండి. ముందుగా కనపడే జల్లెడలాంటిది ఏసీ కండెన్సర్, దాని వెనకాల రేడియేటర్. ఉప్పుగాలి, పోర్టు వైపు నుంచి వచ్చే నల్ల దుమ్ము, పురుగులు కలిసి రెండింటి మధ్య పొరలా పేరుకుంటాయి. పైనుంచి చూస్తే శుభ్రంగానే కనిపిస్తుంది. మామూలు గొట్టంతో, తక్కువ ఒత్తిడితో, వీలైతే ఇంజిన్ వైపు నుంచి బయటికి నీళ్లు కొట్టించండి. ఇంజిన్ చల్లారాకే సుమా. సర్వీసింగ్‌లో వాడే ప్రెషర్ గన్ను దగ్గరగా పెట్టి కొడితే ఆ సన్నటి రేకులు ముడుచుకుపోతాయి, గాలి దారి ఇంకా మూసుకుపోతుంది. కొట్టే అబ్బాయికి మీరే దగ్గరుండి చెప్పాలి.

బోరు నీళ్లు రేడియేటర్‌లో పొయ్యొద్దు. మన తీరంలో చాలా చోట్ల బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. ఆ ఉప్పు అల్యూమినియాన్ని తినేస్తుంది, సున్నం లోపల గట్టి పొర కడుతుంది. దారిలో గత్యంతరం లేకపోతే తాగే నీళ్ల సీసా పోసి ఇంటికి చేరండి, తర్వాత మొత్తం ఫ్లష్ చేయించండి.

బ్యాటరీ టెర్మినళ్ల మీద తెల్లగానో నీలంగానో పిండి కట్టి ఉంటుంది చూడండి. ముందు నెగెటివ్, తర్వాత పాజిటివ్ విప్పాలి, బిగించేటప్పుడు పాజిటివ్ ముందు. వేణ్నీళ్లలో చెంచాడు వంట సోడా కలిపి పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, తుడిచి, ఆరాక బిగించి పైన పలచగా వాజలీన్ రాయండి. బ్యాటరీని చంపేది చలి అనుకుంటారు గానీ, మన దగ్గర వేడే దాని ఆయుష్షు తగ్గిస్తుంది. రాత్రంతా ఆగిన బండికి మల్టీమీటర్ పెడితే 12.6 వోల్టులు ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగం. ఇంజిన్ తిరుగుతుండగా 13.8 నుంచి 14.5 మధ్య చూపించాలి.

పెందుర్తి_ప్రయాణం:
మా కారుకి వేడి చూపించే ముల్లే లేదు. నీలం దీపం, ఎర్ర దీపం మాత్రమే ఉన్నాయి. ఎర్ర దీపం వెలిగే దాకా ఆగాలా?

గాజువాక_స్పానర్:
అది మంచి ప్రశ్న. నీలం దీపం ఇంజిన్ ఇంకా చల్లగా ఉందని చెబుతుంది. ఎర్రది వెలిగేసరికి ఆలస్యమైపోయినట్టే లెక్క. చవకలో దొరికే ఓబీడీ స్కానర్ (బండి కంప్యూటర్‌లోని అంకెలు చదివే చిన్న పరికరం) ఒకటి కొని స్టీరింగ్ కింది సాకెట్‌లో పెట్టి ఫోన్‌కి కలిపితే కూలెంట్ వేడి డిగ్రీల్లో కనిపిస్తుంది. 85 నుంచి 100 దాకా తిరగడం మామూలే. 105 దాటి ఎక్కుతూనే ఉంటే పట్టించుకోవాలి. ఫోన్ పక్క సీటువాళ్ల చేతిలో ఉండాలి, డ్రైవరు దాన్ని చూస్తూ కూర్చోకూడదు.

వేడి పెరుగుతోంది గానీ ఇంకా ఎర్ర గీత దాకా రాలేదంటే, ఏసీ ఆపండి, కిటికీలు దించండి, హీటర్ నాబ్ పూర్తి వేడికి తిప్పి బ్లోయర్ ఫుల్ పెట్టండి. ఎండలో హీటరా అని నవ్వొద్దు. లోపలున్న హీటర్ కూడా చిన్న రేడియేటరే, ఇంజిన్ వేడిని కొంత లాగేస్తుంది. గేరు ఒకటి తగ్గించి ఎక్కండి. మూడో గేరులో గుంజుతూ ఎక్కితే ఇంజిన్ ముక్కుతుంది, పంపు నెమ్మదిగా తిరుగుతుంది. రెండో గేరులో 2500 ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర తిరుగుతుంటే కూలెంట్ ప్రవాహం బాగుంటుంది.

ఎర్ర దీపం వెలిగినా, బానెట్ నుంచి ఆవిరి వచ్చినా చోటు చూసి పక్కకు ఆపి ఇంజిన్ ఆపేయండి. ఇంకో వంపు దాటి ఆపుదాం అనుకోవడంతోనే ఇంజిన్ పైభాగంలోని అల్యూమినియం హెడ్ వంగి, దాని కింద సీలులా ఉండే గ్యాస్కెట్ పోతుంది. బానెట్ లాక్ తీసి ముప్పై నుంచి నలభై అయిదు నిమిషాలు వదిలేయండి. రేడియేటర్ మూత ముట్టుకోవద్దు, లోపల ఒత్తిడిలో ఉన్న మరిగే ద్రవం ముఖం మీదికి చిమ్ముతుంది. వేడి ఇంజిన్ మీద చన్నీళ్లు కుమ్మరించొద్దు, బీటలు వారుతుంది.

ఇంకొకటి, చాలామందికి తెలియదు. కూలెంట్ పూర్తిగా కారిపోతే సెన్సర్ చుట్టూ ద్రవం ఉండదు, ముల్లు ఎక్కకుండా కిందికే చూపించవచ్చు. హీటర్ పూర్తి వేడి మీద పెట్టినా చల్లగాలి వస్తుంటే అది ప్రమాద సూచన, వెంటనే ఆపాలి.

కారు కింద తడి చూసి కంగారు పడకండి. మన ఊరి ఉక్కకు ఏసీ నుంచి నీళ్లు ధారగా కారతాయి. వేలికి రాసి చూస్తే ఒట్టి నీరు, రంగు లేదు, వాసన లేదు. కూలెంట్ అయితే రంగుంటుంది, జిగటగా ఉంటుంది, తియ్యటి వాసన వస్తుంది. నోట్లో మాత్రం పెట్టొద్దు, విషం. పిల్లలకీ కుక్కలకీ అందకుండా కడిగేయాలి.

బీచ్‌రోడ్_రైడర్:
ఎండాకాలం టైర్లలో గాలి నాలుగైదు పాయింట్లు తగ్గించి కొట్టించమంటారు కదా, వేడికి ఉబ్బి పేలకుండా?

ఉప్పుగాలి:
దయచేసి అలా చెయ్యకండి, వేరేవాళ్లకి చెప్పకండి కూడా. టైరు పేలడానికి ఎక్కువగా కారణం గాలి తక్కువ కావడమే. గాలి తగ్గితే పక్కగోడ తిరిగిన ప్రతిసారీ ఎక్కువగా వంగుతుంది, ఆ వంగడంతో లోపల వేడి పుడుతుంది. రోడ్డు వేడి దానికి తోడై పొరలు విడిపోతాయి. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే గాలి ఒత్తిడి సుమారు ఒకటిన్నర పాయింట్లు (పీఎస్‌ఐ) పెరుగుతుంది. ఆ పెరుగుదల లెక్కలోకి తీసుకునే కంపెనీ అంకె ఇస్తుంది. డ్రైవరు డోరు తెరిస్తే స్తంభం మీద స్టిక్కరు ఉంటుంది, ఇద్దరికి ఎంత, నిండా లోడుకి ఎంత అని. అరకుకి నిండా లోడు అంకె పట్టించండి. పొద్దున్నే, రెండు మూడు కిలోమీటర్లకు మించి నడపకముందే చూపించండి. దారిలో వేడి మీద చూస్తే మూడు నాలుగు పాయింట్లు ఎక్కువ కనిపిస్తుంది, అది తీసేయకండి.

నైట్రోజన్ గురించి ఎవరో ఒకరు అడుగుతారు: మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది. నెమ్మదిగా దిగుతుంది, అంతే తేడా. మీటరు సరైనదైతే మామూలు గాలి చాలు.

లావణ్య గారు ఏడేళ్లన్నారు. టైర్లు మొదటివేనా? పక్కగోడ మీద DOT అని మొదలయ్యే అక్షరాల వరస చివర నాలుగంకెలు చూడండి, 2319 అంటే 2019లో ఇరవై మూడో వారం తయారీ. గాడి లోతు బాగున్నా ఆరేళ్లు దాటిన టైరు రబ్బరు ఎండిపోతుంది. పక్కగోడ మీద గోరుతో తడిమితే సన్నటి పగుళ్లు తెలుస్తాయి. అవి ఉంటే ఘాట్‌కి ఆ టైర్లతో వద్దు. గాడి లోతు కనీసం 1.6 మిల్లీమీటర్లు ఉండాలని చట్టం, గాళ్ల మధ్య ఉండే చిన్న దిమ్మెలకు సమానంగా అరిగిందంటే టైరు అయిపోయినట్టే. స్టెప్నీ గాలి కూడా చూడండి. సంవత్సరాల తరబడి దాన్ని ఎవరూ ముట్టుకోరు.

లావణ్య_ఎంవీపీ:
చాలా ఉపయోగపడింది. టైర్లు మొదటివే, మార్పించేస్తాను. భయం సంగతి కూడా ఎవరైనా చెప్పండి.

నెమ్మది_నడక:
లావణ్య గారూ, మీరు చెప్పిన 'చేతులు చల్లబడటం' దగ్గరే మొదలుపెడదాం. భయం వేసినప్పుడు తెలియకుండానే ఊపిరి వేగం పెరుగుతుంది. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది, దాంతో వేళ్లు తిమ్మిరెక్కడం, తల తేలికైనట్టు ఉండటం మొదలవుతాయి. అవి చూసి ఏదో అయిపోతోందని ఇంకా భయపడతాం, ఊపిరి ఇంకా పెరుగుతుంది. దీన్ని తెంచేది వదిలే ఊపిరి. నాలుగు లెక్కపెడుతూ ముక్కుతో పీల్చి, ఆరు లెక్కపెడుతూ నెమ్మదిగా వదలండి, అలా ఏడెనిమిది సార్లు. గట్టిగా లోతుగా పీల్చమని కొందరు చెబుతారు, అది ఎక్కువైతే తిమ్మిరి పెరుగుతుంది. ఇది ఇంట్లో కుర్చీలో కూర్చుని రోజూ అలవాటు చేసుకోవాలి. బండిలో మొదటిసారి ప్రయత్నిస్తే పని చెయ్యదు.

రెండోది, ఎత్తు ఉన్న దారులు తప్పించుకుని చుట్టూ తిరిగి వెళుతుంటే ఆ క్షణానికి హాయిగా ఉంటుంది. కానీ 'ఆ దారి ప్రమాదమే, తప్పించుకున్నాను కాబట్టి బతికాను' అని మనసు రాసేసుకుంటుంది. అందుకే భయం ఏడాదికేడాది పెరుగుతుంది. తిరగేసి చెయ్యాలి, కానీ మెట్లు మెట్లుగా. మీ భయాన్ని సున్నా నుంచి పదిలోపు అంకెలో చెప్పండి. మూడు అంకె ఇచ్చే పని ముందు. అది చేస్తూ అంకె సగానికి తగ్గే దాకా అక్కడే ఉండండి. భయం పైకి ఎక్కినప్పుడు ఆపేసి ఇంటికొస్తే, తప్పించుకోవడమే మళ్లీ నేర్చుకున్నట్టవుతుంది. అదే మెట్టు వేరువేరు రోజుల్లో చేసి, అంకె మొదట్లోనే ఒకటో రెండో ఉంటున్నప్పుడు పై మెట్టుకి వెళ్లండి.

పక్కన కూర్చునేవాళ్లకి ఒక మాట. 'బ్రేకు, బ్రేకు' అని అరవడం, హ్యాండ్‌బ్రేకు మీద చెయ్యి వేసి కూర్చోవడం, ఇవి నడిపేవాళ్ల నమ్మకాన్ని తినేస్తాయి. చెప్పాల్సింది ముందుగా, ఒకే మాటలో, మామూలు గొంతుతో చెప్పాలి: 'తర్వాతి జంక్షన్‌లో ఎడమ'. మొదట పక్కన మనిషి ఉన్నా ఫరవాలేదు గానీ, చివరి మెట్లు మనిషి సాయం లేకుండా చేస్తేనే మనసు ఒప్పుకుంటుంది.

అన్ని భయాలూ పోగొట్టుకోవాల్సినవి కావు. నిద్ర లేదు, జలుబు మాత్ర వేసుకున్నారు, టైరు పగిలి ఉంది, అప్పుడు వచ్చే భయం చెప్పే మాట వినాలి. జలుబు, ఎలర్జీ మాత్రల్లో చాలావాటికి మగత వస్తుంది, డాక్టరునో మందుల షాపులోనో అడిగే నడపాలి.

ప్రమాదం జరిగిన తర్వాత మొదలైన భయమైతే, ఆ దృశ్యం మళ్లీ మళ్లీ కళ్లముందు ఆడుతుంటే, లేదా కారెక్కాలనుకుంటేనే రాత్రంతా నిద్ర పట్టకపోతే సొంతంగా మెట్లెక్కే పని పెట్టుకోకండి. క్లినికల్ సైకాలజిస్టు సాయం తీసుకోవాలి. చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. ఫోన్‌లో మాట్లాడాలంటే టెలీమానస్ 14416, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు.

క్లచ్_మాస్టారు:
నెమ్మది గారు చెప్పిన మెట్లు మన ఊరి రోడ్ల మీద ఎలా పేర్చుకోవాలో చెబుతానమ్మా. విశాఖలో ఉన్న సౌకర్యం ఏటంటే, అన్ని రకాల ఎత్తులూ ఊళ్లోనే దొరుకుతాయి.

మొదటి మెట్టు చదునైన చోట. ఎంవీపీ సెక్టార్ల లోపలి రోడ్డులో పొద్దున ఆరు లోపు బండి ఆపి, ఫస్ట్ గేరు వేసి, యాక్సిలరేటర్ ముట్టకుండా క్లచ్ ఒక్కటే వదిలి బండి కదిలించండి. ఎక్కడ కదలడం మొదలవుతుందో ఎడమ కాలికి తెలియాలి. మడమ నేల మీదే ఉండాలి. కాలు గాల్లో ఉంటే కొలత దొరకదు. కాలికి తెలిసే దాకా ఇదొక్కటే చెయ్యండి, ఎత్తు దగ్గరికి పోవద్దు.

రెండో మెట్టు చిన్న ఎత్తు, వెనకాల బండి లేని చోటు. బ్రేకు తొక్కి ఆపండి, హ్యాండ్‌బ్రేకు పూర్తిగా లాగండి, ఫస్ట్ గేరు. కుడికాలు యాక్సిలరేటర్ మీదికి మార్చి ఆర్‌పీఎం మీటరు 1500 నుంచి 2000 మధ్య నిలకడగా పట్టండి. ఇప్పుడు క్లచ్ నెమ్మదిగా వదలండి. ఇంజిన్ గొంతు బరువెక్కుతుంది, మీటరు ముల్లు కొద్దిగా పడుతుంది, బానెట్ ముందు భాగం అంగుళం పైకి లేచినట్టు కనిపిస్తుంది. ఎడమ కాలు అక్కడే ఆపేయండి. బండి హ్యాండ్‌బ్రేకుని గుంజుతున్నట్టు సీటుకి తెలుస్తుంది. అప్పుడు బటన్ నొక్కి హ్యాండ్‌బ్రేకు దించండి. బండి వెనక్కి పోదు, నిలబడుతుంది లేదా ముందుకి పాకుతుంది. కదిలాక క్లచ్ మిగతాది వదలండి. వెనక్కి జారిందంటే క్లచ్ ఇంకా పట్టలేదన్నమాట. బ్రేకు, క్లచ్ రెండూ తొక్కేయండి, మళ్లీ మొదటి నుంచి చెయ్యండి. ఇంజిన్ ఆగిపోయినా అంతే: బ్రేకు, హ్యాండ్‌బ్రేకు, క్లచ్, స్టార్ట్. వెనకవాళ్లు హారన్ కొడితే కొట్టుకోనివ్వండి.

దీనికి ముందు హ్యాండ్‌బ్రేకు పట్టు పరీక్షించండి. ఎత్తు మీద న్యూట్రల్‌లో పెట్టి కాలిబ్రేకు మీద నుంచి నెమ్మదిగా కాలు తియ్యండి, బండి కదలకూడదు. చాలా చిన్న కార్లకు ఐదు నుంచి తొమ్మిది క్లిక్కుల లోపు పట్టెయ్యాలి. అంతకంటే పైకొస్తే కేబుల్ బిగించమనండి, ఐదు నిమిషాల పని. ఈ పట్టు లేకపోతే మీ భయం న్యాయమైనదే.

మూడో మెట్టు పాండురంగాపురం నుంచి వాల్తేరు అప్‌ల్యాండ్స్ వైపు ఎక్కే రోడ్లు, పొద్దున్నే. నాలుగోది హనుమంతవాక నుంచి ఎండాడ వైపు హైవే ఎత్తు, లారీలు పక్కన ఉంటాయి. లారీ పక్కన నడవకండి, అద్దాల్లో అతనికి మీరు కనపడరు. వెనకే ఉండండి, లేదా చోటు చూసి పూర్తిగా దాటేయండి. ఐదోది సింహాచలం కొండ ఘాట్, రద్దీ లేని రోజు. అరకుకి అదే అసలైన రిహార్సల్: వంపులు, ఎత్తు, దిగుడు మూడూ ఉన్నాయి.

ఎత్తు మీద ముందు బండి వెనక ఆగేటప్పుడు దాని వెనక టైర్లు రోడ్డుని తాకే చోటు మీకు కనిపించేంత దూరం ఉంచండి. బస్సయితే ఇంకొంచెం ఎక్కువ, జారుతుంది. ఆగినప్పుడు క్లచ్ మీద బండిని పట్టి నిలబెట్టే అలవాటు అసలొద్దు. ఎన్ఏడీ దగ్గర ట్రాఫిక్‌లో సగం బళ్లు అలాగే ఉంటాయి. క్లచ్ ప్లేటు కాలిన వాసన వస్తుంది, ప్లేటు ఆయుష్షు తగ్గిపోతుంది.

ఘాట్_దారి:
ఎక్కడం గురించి అందరూ చెప్పారు, దిగడం గురించి నేను చెబుతాను. బ్రేకులు పోయేది దిగేటప్పుడే.

ఏ గేరులో ఎక్కారో అదే గేరులో దిగండి. అనంతగిరి నుంచి కిందికి రెండో గేరు, కొన్ని చోట్ల మూడో గేరు. ఇంజిన్ బండిని పట్టి ఉంచుతుంది. వేగం పెరిగినప్పుడు బ్రేకు గట్టిగా తొక్కి, వేగం తగ్గించి, వదిలేయండి. కాలు బ్రేకు మీద ఆనించి ఉంచితే డిస్కులు చల్లారే సందు ఉండదు. న్యూట్రల్‌లో దిగితే పెట్రోలు మిగులుతుందనేది తప్పు. గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలితే నేటి ఇంజెక్షన్ ఇంజిన్లు పెట్రోలు పూర్తిగా ఆపేస్తాయి, న్యూట్రల్‌లో ఐడిల్‌కి తాగుతూనే ఉంటాయి.

బ్రేక్ ఫ్లూయిడ్ గాలిలోని తేమ పీల్చుకుంటుంది. మన ఊరి గాలిలో తేమకేం కొదవ? కొత్త డాట్ 3 రకం ఫ్లూయిడ్ 205 డిగ్రీల దాకా, డాట్ 4 అయితే 230 దాకా మరగదు. తేమ చేరాక అవి 140కి, 155కి పడిపోతాయి. ఘాట్‌లో ఆ వేడి రావడం పెద్ద విషయం కాదు. ఫ్లూయిడ్ మరిగితే గొట్టంలో బుడగలు చేరి పెడల్ స్పాంజిలా లోపలికి పోతుంది. రెండేళ్లకోసారి మార్పించాలి. సీసాలో అది టీ డికాషన్ రంగులో కనిపిస్తే వెంటనే మార్పించండి. ప్యాడ్లు కూడా చూపించండి, మూడు మిల్లీమీటర్లకి తగ్గితే మార్చాలి.

దారిలో పెడల్ మెత్తబడితే వరసగా కొట్టండి, కొంత ఒత్తిడి వస్తుంది. గేర్లు ఒక్కొక్కటి తగ్గించండి, హ్యాండ్‌బ్రేకు బటన్ నొక్కి పట్టుకుని కొద్దికొద్దిగా లాగండి, కొండ వైపు ఆపండి. కాలిన వాసన వస్తే చోటు చూసి ఇరవై నిమిషాలు ఆగండి. డిస్కుల మీద నీళ్లు కొట్టొద్దు, వంకరపోతాయి.

ఎక్కే బండికి దారి ఇవ్వడం పద్ధతి. గుడ్డి మలుపు ముందు హారన్, పగలు కూడా లైట్లు. మలుపులో ఆర్టీసీ బస్సు వెడల్పుగా తిరుగుతుంది, మలుపు మొదట్లోనే ఆగి దానికి చోటు వదలండి. గేరు మలుపులోకి వెళ్లకముందే మార్చుకోవాలి, మధ్యలో కాదు.

బీచ్‌రోడ్_రైడర్:
గాలి విషయం అర్థమైంది, ధన్యవాదాలు. ఏసీ గురించి కూడా చెప్పండి. రుషికొండలో ఎండలో పెట్టి వస్తే లోపల కూర్చోలేం. సాయంత్రం ఏసీ వేస్తే ముందు అద్దం బయటివైపు మసకబారుతోంది.

ఉప్పుగాలి:
మసక బయటివైపు ఉంటే అద్దం చల్లబడి, బయటి ఉక్క దాని మీద పట్టిందన్నమాట. వైపర్ ఒకసారి వేసి, ఏసీ గాలి అద్దం మీదికి కాకుండా ముఖం వైపు తిప్పి, చలి రెండు గీతలు తగ్గించండి. వానల్లో లోపలివైపు మసక పట్టిందనుకోండి, అప్పుడు వేరే మందు: ఏసీ వేసి, బయటి గాలి మోడ్‌లో, అద్దం మీదికి తిప్పాలి.

బీచ్ రోడ్డులో తిరిగిన బండి అద్దం మీద ఉప్పు పొర ఉంటుంది. పగలు తెలియదు, రాత్రి ఎదుటి లైట్లు పడగానే అద్దమంతా తెల్లగా పరుచుకుంటుంది. పొడి గుడ్డతో తుడిస్తే గీతలు పడతాయి, ముందు నీళ్లు పొయ్యాలి. వైపర్ రబ్బరు ఎండకు గట్టిపడి ఉంటే మార్చేయండి.

ఎండలో ఆగిన కారుకి అన్ని తలుపులూ తెరిచి ఒక నిమిషం, తర్వాత కిటికీలు దించి బయటి గాలి మోడ్‌లో ఏసీ వేసి కదలండి. వేడిగాలి పోయాక కిటికీలు మూసి లోపలి గాలి మోడ్‌కి మార్చండి. దూర ప్రయాణంలో మాత్రం గంటల తరబడి లోపలి గాలి మీద ఉంచకండి, నిండా మనుషులుంటే కార్బన్ డయాక్సైడ్ పెరిగి మగత వస్తుంది. అరగంటకోసారి కొన్ని నిమిషాలు బయటి గాలి తీసుకోండి. ఏసీ చల్లదనం తగ్గిందంటే గ్యాసు నింపించేముందు డాష్‌బోర్డు గూట్లో ఉన్న క్యాబిన్ ఫిల్టరు చూడండి, తరచుగా దోషం అదే.

పిల్లలని ఒక్క నిమిషానికైనా ఆగిన కారులో వదలొద్దు. ఎండలో గంటలోపే లోపలి వేడి బయటి కంటే ఇరవై డిగ్రీల దాకా ఎక్కువవుతుంది, కిటికీ కాస్త దించినా పెద్దగా తగ్గదు. పిల్లల ఒళ్లు పెద్దవాళ్ల కంటే చాలా త్వరగా వేడెక్కుతుంది. లైటరు, సెంటు డబ్బా, పవర్ బ్యాంకు కూడా లోపల వదలకండి.

పెందుర్తి_ప్రయాణం:
ఎండల్లో ట్యాంకు నిండా కొట్టిస్తే పేలుతుందని మెసేజీ తిరుగుతోంది. నిజమేనా?

గాజువాక_స్పానర్:
కాదు. ఇండియన్ ఆయిల్ సంస్థే దాన్ని ఖండించింది. కంపెనీ చెప్పిన హద్దు దాకా నింపుకోవచ్చు. నాజిల్ తనంతట తాను కట్ అయ్యాక ఇంకా కొట్టించడం మాత్రం వద్దు. కార్లు తగలబడే సందర్భాల్లో నేను ముందు అనుమానించేది వైర్లు కోసి తగిలించిన అదనపు లైట్లు, హారన్లు, ఆంప్లిఫయర్లు, కారే పెట్రోలు గొట్టాలు. బానెట్ కింద పొగ వస్తే ఇంజిన్ ఆపి అందరినీ దించి దూరం పంపండి. బానెట్ పూర్తిగా ఎత్తొద్దు, గాలి తగిలి మంట ఎగుస్తుంది. తెల్లగా, తియ్యటి వాసనతో వస్తే అది ఆవిరి, ఘాటుగా ప్లాస్టిక్ వాసన వస్తే పొగ.

సీఎన్‌జీ బండివాళ్లు సిలిండర్ పరీక్ష మూడేళ్లకోసారి చేయించి ఉండాలి. ఘాట్ పెట్రోల్ మీద ఎక్కండి, గ్యాసు మీద లాగుడు తక్కువ.

లావణ్య_ఎంవీపీ:
అందరికీ ధన్యవాదాలు. టైర్లు, మూత, కూలెంట్, బ్రేక్ ఫ్లూయిడ్ ఈ వారమే చేయిస్తాను. మాస్టారు చెప్పిన మెట్లు రేపటి నుంచి మొదలుపెడతాను. వెళ్లే రోజు తెల్లవారు అయిదుకి బయల్దేరి పెందుర్తి, కొత్తవలస మీదుగా పోదామనుకుంటున్నాం. ఎక్కడ ఆగాలి? పిల్లలకి కడుపులో తిప్పుతుందేమోనని కూడా ఆలోచన.

ఘాట్_దారి:
అయిదుకి బయల్దేరడం సరైన ఆలోచన, ఎండ ముదరకముందే ఘాట్ దాటేస్తారు. ఎస్.కోటలో ఆగండి. పెట్రోలు నింపి, పిల్లలకి కడుపు నిండా కాకుండా ఇడ్లీ లాంటివి పెట్టించండి. ఘాట్‌లో ఫోన్లూ బొమ్మల పుస్తకాలూ వద్దు, దూరంగా బయటికి చూడమనండి. కిటికీ కొంచెం దించితే తిప్పడం తగ్గుతుంది. సిగ్నల్ చాలాచోట్ల పోతుంది, మ్యాప్ ముందే ఫోన్‌లోకి దించుకోండి. మనిషికి రెండు లీటర్ల నీళ్లు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు పెట్టుకోండి, ప్యాకెట్ మీద రాసినన్ని నీళ్లలో సరిగ్గా కలపాలి. డ్రైవరుకి తలనొప్పి, పిక్కలు పట్టేయడం, చిరాకు మొదలైతే భయం అనుకోకండి, ఒంట్లో నీరు తగ్గడం కావచ్చు. నీడన ఆగి తాగండి. గాలికొండ దగ్గర దిగి చూసేటప్పుడు బండిని గేరులో ఉంచి హ్యాండ్‌బ్రేకు వేసి, టైరు కింద రాయి పెట్టండి, వచ్చేటప్పుడు ఆ రాయి రోడ్డు మీద వదిలేయకండి. తిరుగు ప్రయాణం చీకటి పడకముందే ఘాట్ దిగేలా చూసుకోండి. అత్యవసరమైతే 112, అంబులెన్సుకి 108. జాతీయ రహదారి మీద బండి ఆగితే 1033.

క్లచ్_మాస్టారు:
లావణ్యమ్మా, సింహాచలం కొండ భయం లేకుండా ఎక్కి దిగలేకపోతే అరకు రెండు వారాలు వాయిదా వెయ్యండి. తేదీ కోసం మెట్టు దూకొద్దు.

గాజువాక_స్పానర్:
తిరిగొచ్చిన మర్నాడు పొద్దున్నే, బండి తియ్యకముందు, రిజర్వ్ ట్యాంకు మళ్లీ చూడండి. వెళ్లేముందు మట్టం ఎక్కడుందో మార్కర్‌తో గీత పెట్టుకోండి. వేలి వెడల్పు తగ్గినా ఎక్కడో పోతోంది. ప్రెషర్ టెస్ట్ చేయించండి, రేడియేటర్‌కి చేతి పంపు బిగించి మూత మీద రాసిన ఒత్తిడి పెట్టి పది నిమిషాలు చూస్తారు, ముల్లు దిగకూడదు. ఆయిల్ మూత కింద పాలమీగడలాంటి తెల్లటి పదార్థం ఉంటే, లేదా సైలెన్సర్ నుంచి తియ్యటి వాసనతో తెల్లపొగ ఆగకుండా వస్తుంటే, ఆ బండి ఇంక స్టార్ట్ చెయ్యకుండా షెడ్డుకి లాగించుకోండి.